సొరంగం మూసిన శుక్రవారం

కువైత్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు మొన్న ఫోన్‌లో కొన్ని ఫోటోలు పంపాడు. వాడుండేది ఎగైలాలో. ఏదో పని ఉండి ఫహాహీల్ వెళ్ళాడట. "అత్తా, నువ్వు ఎప్పుడూ చెప్పే సొరంగం ఇదేనా?" అని ఫోటోల కింద రాశాడు.

ఇదో కాదో వెంటనే తేల్చుకోలేకపోయాను. గోడలకు తెల్లటి పలకలు ఉన్నాయి. పైకప్పు పొడవునా సన్నటి దీపాలున్నాయి. చక్రాల కుర్చీలు దిగడానికి వాలుదారి కట్టారు. ఒక గోడ మీద ముత్యాల కోసం సముద్రంలోకి వెళ్ళే పాతకాలపు పడవల బొమ్మ వేశారు. నాకు తెలిసిన చోటులో ఇవేవీ లేవు. చివరికి ఒక ఫోటోను పెద్దది చేసి మెట్లు చూశాను. అవి తిన్నగా దిగవు. సగం దిగాక చిన్న చదును ఉంటుంది, అక్కడ ఎడమకు తిరిగి మిగతా సగం దిగుతాయి. ఎన్నిసార్లు బాగుచేసినా ఆ మలుపు మార్చలేకపోయినట్టున్నారు. "ఇదే" అని జవాబు రాశాను.

మా చిన్నప్పుడు మేముండేది ఫహాహీల్‌లోనే, సూక్‌కి, అంటే బజారుకి, దగ్గరగా ఒక అద్దె భవనం మూడో అంతస్తులో. మాది కోనసీమ. నాన్న రోడ్లు వేసే కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. మా వంటింటి కిటికీలోంచి చూస్తే పెద్ద రోడ్డు కనిపించేది. మధ్యలో ఇనపకంచె, దానికి అటూ ఇటూ ఆగకుండా వెళ్ళే లారీలు, ఆయిల్ ట్యాంకర్లు, మంగఫ్ నుంచి పనివాళ్ళను తీసుకెళ్ళే కంపెనీ బస్సులు. రోడ్డుకి ఇటువైపు మాలాంటివాళ్ళ ఫ్లాట్లు, దుకాణాలు. అటువైపు కువైతీల ఇళ్ళు. ఈ రెండింటినీ కలిపేది ఆ సొరంగం ఒక్కటే.

దాన్ని అరబ్బీలో నఫక్ అంటారని బడిలో నేర్చుకున్నాను. మా భవనంలో తెలుగువాళ్ళు మాత్రం సొరంగం అనేవారు. అమ్మ 'బిలం' అనేది. "ఆ బిలంలోకి వెళ్ళకు, కంపు" అనేది. ఆమె చెప్పినదాంట్లో అబద్ధం లేదు. తడిసిన సిమెంటు, తుప్పు, మూత్రం, చేపలబజారు నుంచి వచ్చేవాళ్ళ సంచుల్లోంచి కారిన నీళ్ళు, అన్నీ కలిసిన వాసన. మెట్ల పైన ఒక ఇరానీ ముసలాయన ఏలకుల టీ అమ్మేవాడు. దిగేటప్పుడు కొంతదూరం ఆ ఏలకుల వాసన మనతో వచ్చి, మలుపు దగ్గర ఆగిపోయేది.

నాకు ఆ చోటు మీద తీరని కుతూహలం ఉండేది. ఎడారి దేశంలో ఆ గోడలు ఎందుకు చెమరుస్తాయో అర్థమయ్యేది కాదు. నెలల తరబడి చినుకు పడదు, కానీ సొరంగం నడుమ నేల ఎప్పుడూ తడే. గోడల మీద తెల్లగా బూజులాంటిది పేరుకునేది. ఒకరోజు వేలితో గీరి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు. పరుగున వెళ్ళి నాన్నకి చెప్పాను.

నాన్న తిట్టలేదు. పాలపొడి డబ్బా మూతలో ఆ పొడి కొంచెం గీరి తెమ్మన్నాడు. నీళ్ళు పోసి కరిగించి, కిటికీలో ఎండబెట్టి, మర్నాడు అడుగున మిగిలిన పలుకులు చూపించాడు. ముందు రోడ్డు వేశారని, ఆ తర్వాత రోడ్డును సగం సగం మూసి కింద ఇది తవ్వారని చెప్పాడు. సముద్రం పక్క నేల కాబట్టి తవ్వితే ఉప్పునీరు ఊరుతుంది, దాన్ని తోడెయ్యడానికి ఒక పంపు పెట్టారు, అది సరిగా పనిచెయ్యదు.

"అంతకుముందు ఏముండేది?" అని అడిగాను.

"ఇసక. మేకల్ని సముద్రం ఒడ్డుకి తోలుకుపోయే దారి ఉండేదట. మన హారిస్ చెప్పాడు." హారిస్ అంటే మా భవనం కాపలాదారు.

అమ్మ వంటింట్లోంచి అంది. "ఈ వింతకి అంత చదువు కావాలా? మన లంకల్లో గుమ్మం ముందు గునపం వేసినా నీళ్ళే. ఆ ఉప్పు ఇటు పారెయ్యండి, కూరలో వేస్తాను. సరుకు కలిసొస్తుంది."

అమ్మ వద్దన్నా సొరంగంలోకి ప్రతి శుక్రవారం వెళ్ళే భాగ్యం నాకు మా పక్క ఫ్లాట్‌లో ఉండే నర్సుగారి వల్ల కలిగింది. ఆవిడది గోదావరి పాయల మధ్య ఒక లంక ఊరు. ఒక ప్రైవేటు క్లినిక్‌లో పనిచేసేది. అమ్మా ఆవిడా ఒకరినొకరు వదినగారూ అని పిలుచుకునేవారు, అందుకని నాకు అత్త అయింది. నేను నర్సత్త అనేదాన్ని. ఆవిడ చెల్లెలు రోడ్డుకి అటువైపు ఒక కువైతీ ఇంట్లో వంటపని, పిల్లల పని చూసేది. ఆవిడ చిన్నత్త.

నర్సత్త ఇఖామా అనే నివాస అనుమతి, ఉద్యోగం అన్నీ స్థిరపడ్డాక ఒక ఏజెంటు ద్వారా చెల్లెలికి ఆ ఇంట్లో పని చూసి రప్పించింది. అయినా ఒకరి గడప ఒకరు ఎరగరు. చిన్నత్తను చూడటానికి ఎవరూ రాకూడదని, తను ఎవరింటికీ వెళ్ళకూడదని ఇంటి యజమానురాలు మొదటిరోజే చెప్పింది. అక్కడ పనిచేసేవాళ్ళు ఆవిణ్ణి మామా అంటారు. ఫోన్ ముట్టుకోకూడదు. ఇల్లు ఎలా ఉంటుందని అడిగితే "గోధుమరంగు గోడ, ఇనప గేటు" అనేది చిన్నత్త. అటువైపు ఇళ్ళన్నీ గోధుమరంగు గోడలే, ఇనప గేట్లే. శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మామా పడుకునేది. అప్పటినుంచి పొద్దువాలేవేళ నమాజుకి పిలిచే అసర్ బాంగు వినిపించేదాకా చిన్నత్తకి సెలవు. ఆ కాస్త వేళ అక్కాచెల్లెళ్ళు సొరంగం మెట్ల మలుపు దగ్గర కూర్చునేవారు.

ఆడవాళ్ళు ఇద్దరే అలా కూర్చుంటే వచ్చేపోయే మగవాళ్ళు ఆగి చూస్తారు. పక్కన పిల్ల ఉంటే చూడరు. అందుకని నన్ను తీసుకెళ్ళేవారు. ఆ పని నాకు చాలా గొప్పగా ఉండేది.

పొద్దున్న ఒక హాల్లో తెలుగు ప్రార్థనకు వెళ్ళి వచ్చి, నర్సత్త చేపల పులుసు వండేది. చిన్నత్త మామా ఇంట్లో మిగిలిన మసాలా అన్నం గిన్నెలో తెచ్చేది. పాత అరబ్బీ పేపరు పరిచి, కుబూస్ రొట్టె తుంచి పులుసులో ముంచుకుని తినేవాళ్ళం.

"ఉప్పెక్కువైందే" అనేది చిన్నత్త.

"గోడకి ఆనించి పెట్టావుగా గిన్నె, అందుకే" అనేది నర్సత్త.

"నీకేం, ఇంజక్షన్లు పొడిచే చెయ్యి. వంట ఎలా వత్తది?"

"నోరుమూసుకుని తినవే. మీ మామా పెట్టినప్పుడు ఇలాగే పేర్లు పెడతావా?"

"మామా దగ్గర నాకు అంత భాష రాదు కదే. వత్తే పెడుదును."

చిన్నత్త గట్టిగా నవ్వేది. ఆ నవ్వు సొరంగం అవతలి కొసదాకా వెళ్ళి తిరిగొచ్చేది. నాకు కేక వెయ్యడం నేర్పింది ఆవిడే. వాళ్ళ ఊళ్ళో బడీ, సంతా అన్నీ పాయకి అవతల. పడవ అటు ఉంటే రేవులో నిలబడి పిలవాలి. మాట ముందు పంపకూడదట. ముందు ఒట్టి కేక పంపాలి, చెయ్యి నోటి పక్కన పెట్టి, కిందిస్థాయిలో మొదలుపెట్టి, ఊపిరి ఉన్నంతసేపు లాగాలి. అవతలివాడు తిరిగి కేక వేస్తే చెవి ఇటు పెట్టాడని అర్థం. అప్పుడు మాట. అదీ ఒక్కొక్క ముక్కే. నేను మెట్లమీద నిలబడి "ఓ..." అని లాగితే, బరువు మోసుకుపోతున్న బెలూచీ కూలీలు ఉలిక్కిపడి చూసేవారు. చిన్నత్త పొట్ట పట్టుకునేది.

"అది కేక కాదే అమ్మడూ, దూడ అరుపు" అనేది.

ఎండాకాలం మొదలయ్యే రోజుల్లో వాళ్ళ అమ్మ చనిపోయింది.

ఆ కబురు నర్సత్తకి వాళ్ళ ఊరాయన ఒకడు చెప్పాడు. సెలవుకి వెళ్ళి తిరిగొచ్చి, పని మీద చేరకముందే క్లినిక్‌కి వచ్చి చెప్పి వెళ్ళాడు. చనిపోయి అప్పటికి కొన్నాళ్ళయింది, సమాధి కూడా అయిపోయింది. నర్సత్త ఆరోజు డ్యూటీ పూర్తిచేసుకునే వచ్చింది. మా ఇంటి తలుపు దగ్గర నిలబడి అమ్మకి చెప్పింది. అమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. ఆవిడ ఏడుస్తుందని నేను గుమ్మం పక్కన నిలబడి చూశాను. ఏడవలేదు. నీళ్ళు అడిగి తాగింది.

"చెల్లికి తెలీదండి వదినగారూ" అంది. "వచ్చే వారంలో వాళ్ళ మామా వాళ్ళు చల్లటి దేశానికి వెళ్తున్నారట, దీన్నీ తీసుకెళ్తున్నారు. ఎండలు తగ్గేదాకా రారు. ఈ శుక్రవారం చెప్పాలి. లేకపోతే ఇంకెవరైనా చెప్పేస్తారు. అది ఆ పిల్లల్ని ఎత్తుకుని, ఎవరూ తెలియని ఊళ్ళో..." అని ఆపేసింది.

నాన్న ఒక్కటే మాటన్నాడు. "శుక్రవారం కలుస్తారుగా. మీరే చెబుదురుగాని."

ఆ శుక్రవారం అమ్మ కూడా బయల్దేరింది. బిలంలోకి ఎన్నడూ దిగని మనిషి. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు, ఇరుగుపొరుగువాళ్ళు వండి పట్టుకెళ్ళాలి, అది మా వైపు ఆనవాయితీ. చిన్నత్తకి ఇక్కడ ఇల్లెక్కడిది? పట్టుకెళ్ళాల్సింది సొరంగానికే అని అమ్మ తేల్చుకుంది. అన్నం, తాలింపు వెయ్యని పప్పు గిన్నెల్లో పెట్టి మూటకట్టింది. ముగ్గురం ఎండలో రోడ్డుదాకా నడిచాం.

సొరంగం మూసేసి ఉంది.

మెట్లు మలుపుదాకా ఉన్నాయి, ఆ కింద అడ్డంగా చెక్కపలకలు కొట్టేశారు. వాటి మీద ఎర్రరంగుతో అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ మరమ్మతులని రాసి ఉంది. టీ ముసలాయన కూడా లేడు. పోయిన శుక్రవారం ఈ జాడే లేదు. పంపు మార్చి, నేల తవ్వి కొత్తగా వేసి, గోడలకు పలకలు అంటిస్తారని, నెలలు పడుతుందని తర్వాత నాన్న వాకబు చేసి చెప్పాడు. ఆ మధ్యాహ్నం మాకు తెలిసింది చెక్కలు మాత్రమే.

నర్సత్త చెక్కమీద అరచెయ్యి పెట్టి నిలబడిపోయింది.

"టాక్సీలో చుట్టూ తిరిగి వెళ్దామా?" అంది అమ్మ.

"టాక్సీ దొరకాలి కదండీ ఈ వేళప్పుడు. దొరికినా కారు వెనక్కి తిరిగే చోటు ఎక్కడో ఉంది. మనం వెళ్ళేసరికి అసర్ అయిపోద్ది. అది లోపలికి వెళ్ళిపోతే నేను ఏ గేటని కొట్టను?"

రెండు చెక్కల మధ్య నా చెయ్యి పట్టేంత సందు ఉంది. నేను కన్ను పెట్టి చూశాను. చీకటి. దూరంగా అవతలి కొసన ఒక సన్నటి వెలుగు గీత ఉంది. అటు కూడా చెక్కలే కొట్టారన్నమాట. శుక్రవారం కాబట్టి పనివాళ్ళు లేరు. లోపల చాలా నిశ్శబ్దంగా ఉంది. లోపలినుంచి చల్లటి గాలి, ఉప్పు వాసన నా మొహానికి తగిలాయి.

"అత్తా, కేక వెయ్యి" అన్నాను.

ఆవిడ నావైపు చూసింది. తర్వాత వంగి, సందు దగ్గర నోరు పెట్టి, చెయ్యి పక్కన పెట్టుకుంది. ఇస్త్రీ మడత నలగని నర్సత్త గొంతులోంచి అలాంటి శబ్దం వస్తుందని నేను అనుకోలేదు. లావుగా, నిదానంగా, ఎక్కడా వణకకుండా లోపలికి సాగింది. పైన లారీ ఒకటి పోయింది. జవాబు లేదు. ఆవిడ మళ్ళీ ఊపిరి తీసుకుంది.

రెండోసారికి అవతలినుంచి కేక వచ్చింది. చిన్నగా ఉన్నా స్పష్టంగా ఉంది. ఆ తర్వాత నవ్వు.

"అక్కా... మూసేశారే..."

"ఆ..."

"పులుసు... తెచ్చావా..."

నర్సత్త సందు దగ్గరనుంచి మొహం ఇటు తిప్పేసుకుంది.

అమ్మ ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. "చెప్పెయ్యండి వదినగారూ, ఇక్కడినుంచే. పాపం, ఎంతసేపని ఎండలో నిలబడుతుంది."

నర్సత్త తల అడ్డంగా ఊపింది. "చావు కబురు రేవులోంచి కేకేసి చెప్పరండీ. పెళ్ళి చెప్తాం, పురుడు చెప్తాం, కిరసనాయిలు తెమ్మని చెప్తాం. ఇది మాత్రం మనిషి దాటి వెళ్ళి చెప్పాలి. లేకపోతే ఆ మనిషిని ఇటు రమ్మనాలి."

మళ్ళీ సందు దగ్గరికి వంగింది. "ఇటు... రావే..."

"ఎలా వత్తానే... మూసేశారు కదా... ఏం కబురో... అక్కడినుంచే సెప్పు..."

"ఇటు రావే."

ఈసారి దాన్ని లాగలేదు. మామూలుగా అంది. అయినా అందినట్టుంది. నేను సందులో కన్ను పెట్టే ఉన్నాను. వెలుగు గీత ఉన్నట్టుండి లావైంది. చెక్క విరిగిన చప్పుడు వినిపించింది. ఆ వెలుగులో ఒక మనిషి వంగి లోపలికి రావడం, మళ్ళీ చీకట్లో కలిసిపోవడం కనిపించాయి. తర్వాత నీళ్ళ చప్పుడు. నేల తవ్వేసి ఉంది, పంపు ఆపేశారు, ఊరిన ఉప్పునీరు లోపల నిలిచి ఉంది. ఆ నీళ్ళను కాళ్ళతో తోసుకుంటూ నడిచే చప్పుడు దగ్గరవుతూ వచ్చింది. పరుగు లేదు, తడబాటు లేదు.

ఇంతలో మా వెనక "కౌన్ హై? కౌన్ హై?" అని అరుస్తూ ఒక పఠాన్ మెట్లు దిగాడు. ఆ పనికి పెట్టిన కాపలాదారు. పైన రేకుషెడ్డులో నిద్రపోతున్నాడట. భూమిలోంచి వచ్చిన కేక విని జిన్ భూతం అనుకున్నాడట, చేతిలో కర్ర, మొహం పాలిపోయి ఉంది. మమ్మల్ని చూసి కోపం తెచ్చుకున్నాడు. లోపల గోతులున్నాయి, ఇనపచువ్వలున్నాయి, మనిషి పడితే తన ఉద్యోగం ఖలాస్ అన్నాడు.

అమ్మకి వచ్చిన హిందీ అంతా కూడగట్టుకుంది. "భాయ్ సాబ్, ఇన్‌కా మా... మర్ గయా. ఓ బహెన్. ఇన్‌కో నై మాలూమ్."

అతను అమ్మను, నర్సత్తను చూశాడు. నీళ్ళ చప్పుడు విన్నాడు. కర్ర గోడకి ఆనించి, మేకులు వదులుగా ఉన్న చెక్క ఒకటి రెండు చేతులతో పట్టి ఊడలాగాడు.

చిన్నత్త ఆ సందులోంచి బయటికి వచ్చింది. పువ్వుల పొడుగు గౌను మోకాళ్ళ పైదాకా తడిసి కాళ్ళకి అంటుకుంది. ఒక చెప్పు లేదు. అక్క మొహం చూడనుకూడా లేదు, చూడాల్సిన అవసరం లేనట్టు. మెట్టు మీద కూర్చుంది.

"ఎప్పుడే?" అంది.

నర్సత్త పక్కన కూర్చుని చెప్పింది. ఎవరు చెప్పారో, ఎలా జరిగిందో, సమాధి ఎక్కడ చేశారో అన్నీ చెప్పింది. చిన్నత్త వింటూ గౌను అంచు పిండుతూ కూర్చుంది.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"మొన్న."

"ఏడ్చావా?"

"లేదే."

"ఎందుకు?"

"నువ్వు లేకుండా ఎలా ఏడుస్తానే."

అప్పుడు ఇద్దరూ ఏడ్చారు. పఠాన్ మెట్లెక్కి పైకి వెళ్ళి, మావైపు వీపు పెట్టి నిలబడ్డాడు. ఎవరో దిగబోతే చెయ్యి అడ్డంపెట్టి పంపేశాడు. అమ్మ మూట విప్పి ముద్దలు కలిపింది. చిన్నత్త నోరు తెరిస్తే పెట్టింది, నర్సత్తకీ పెట్టింది. పక్కన నేనున్నానని గుర్తొచ్చి నాకూ ఒక ముద్ద పెట్టింది. ఉప్పు వెయ్యడం మరిచిపోయింది. చిన్నత్త కూడా పేర్లు పెట్టకుండా తినేసింది.

అసర్ బాంగు వినిపించగానే చిన్నత్త లేచింది. ఈసారి పఠాన్ టార్చిలైటు పట్టుకుని ముందు నడిచి అవతలిదాకా దాటించాడు. ఒడ్డు చేరాక అటునుంచి కేక వచ్చింది. నర్సత్త జవాబు కేక వేసింది. పైకి వచ్చేశాం.

ఆ తర్వాత జరిగింది చిన్నత్త చెబితేనే తెలుసు. తడి గౌనుతో వెనకతలుపు దగ్గర మామాకి దొరికిపోయిందట. ఎక్కడికెళ్ళావంటే తనకొచ్చిన అరబ్బీలో "అమ్మ లేదు" అంది. మామా మొదట కోపంగానే ఉంది. అర్థమయ్యాక చేతులు ఒకదానిమీద ఒకటి చరుచుకుంది. అమ్మ చనిపోయిన మనిషి చేత ఎవరు వంట చేయిస్తారు అని తన కూతుళ్ళని కేకలేసింది, అదేదో వాళ్ళ తప్పయినట్టు. మర్నాడు డ్రైవరు మా భవనం ముందు కారు ఆపి నర్సు ఎవరని అడిగాడు. మూడు రోజులు, డ్యూటీ అయ్యాక, నర్సత్తను ఆ ఇంటికి తీసుకెళ్ళి దింపాడు. వాళ్ళ ఆచారం ప్రకారం మూడు రోజులు పరామర్శ ఉండాలట. వంటింటి వెనక వరండాలో కుర్చీలు వేసి, చక్కెర లేని కాఫీ ఇచ్చి, మామా తానే వచ్చి కొంచెంసేపు పక్కన కూర్చునేదట. ఒకరి భాష ఒకరికి రాదు. ఊరికే కూర్చునేవారు. నాలుగోరోజు కారు రాలేదు. పైవారం వాళ్ళు చల్లటి దేశానికి వెళ్ళిపోయారు, చిన్నత్త కూడా.

నర్సత్త ఆ ఎండాకాలమంతా శుక్రవారాలు మా ఇంట్లోనే గడిపింది. నేను కిటికీలోంచి సొరంగం పని చూసేదాన్ని. లావుపాటి గొట్టంతో నీళ్ళు తోడి పక్క కాలవలోకి వదిలేవారు. సిమెంటు బస్తాలు, పలకల పెట్టెలు దింపేవారు. నాన్నను ప్రశ్నలతో విసిగించేదాన్ని. నీళ్ళు మళ్ళీ రాకుండా ఏంచేస్తారు? గోడ వెనక తారు పూస్తారు. తారు వెనక నీళ్ళు ఏమవుతాయి? అక్కడే ఉంటాయి. ఎప్పటిదాకా? ఆ ప్రశ్నకి నాన్న పెన్సిల్ చెక్కుకోవడం మొదలుపెట్టాడు.

చలి మొదలవుతుండగా సొరంగం తెరిచారు. అప్పటికి చిన్నత్త తిరిగొచ్చింది. మామా ఇంటికి రాకపోకలు లేవన్న నియమం మళ్ళీ మామూలైంది. కాబట్టి శుక్రవారం మళ్ళీ ముగ్గురం అక్కడే. ఎంత మారిపోయిందో. పసుపుపచ్చ పలకలు, తెల్లటి ట్యూబులైట్లు, నేల పొడిగా ఉంది. ఉప్పు కోసం వెతికాను, ఎక్కడా లేదు. వాసన కూడా లేదు, కొత్త సున్నం వాసన తప్ప. మలుపు దగ్గర పేపరు పరవబోతుంటే యూనిఫారం వేసుకున్న కాపలాదారు వచ్చాడు. ఈయన వేరే మనిషి. ఇక్కడ కూర్చోవడం మమ్నూ అన్నాడు, అంటే నిషేధం.

"నడవొచ్చా?" అని అడిగింది చిన్నత్త.

"నడు. యల్లా."

అందుకని నడిచారు. ఈ కొస నుంచి ఆ కొసకి, ఆ కొస నుంచి ఈ కొసకి. కాపలాదారు కొంతసేపు చూసి ఊరుకున్నాడు, నడవకూడదని ఎక్కడా రాసిలేదు. ఆ శుక్రవారమే కాదు, మేము ఆ దేశంలో ఉన్నన్నాళ్ళూ శుక్రవారాలు అలాగే గడిచాయి. వాళ్ళు ముందు, నేను వెనక. మాట్లాడుకునేది ఎక్కువగా వాళ్ళ అమ్మ గురించే.

"అమ్మకి ఈత వచ్చునే" అనేది నర్సత్త.

"రాదే. వరదలో నన్ను చంకనెత్తుకుని అరిటిబోదె పట్టుకుంది. ఈతొచ్చిన మనిషి బోదె పట్టుకుంటదా?"

"చంకలో నువ్వుంటే ఎవరైనా మునుగుతారు."

"నీకేం తెలుసు. నువ్వు నర్సు చదువుకని ఎప్పుడో ఎళ్ళిపోయావు. తర్వాతంతా నేనే కదా."

"పుట్టకముందంతా నేనే కదే."

కొస వచ్చేది. తిరిగేవారు. తిరిగినప్పుడు నేను పక్కకి తప్పుకుని మళ్ళీ వెనక చేరేదాన్ని. ఆ ఈత సంగతి మేము వచ్చేసేదాకా తేలలేదు.

నర్సత్త పోయి కొన్నేళ్ళయింది. చిన్నత్త ఎక్కడుందో తెలియదు. వాళ్ళ లంకలో సగం గోదావరిలోకి కోసుకుపోయిందని ఎవరో అన్నారు. వాళ్ళ అమ్మను నేను ఎన్నడూ చూడలేదు, ఫోటో కూడా లేదు. అయినా ఆవిడ లంక పొగాకు చుట్టను నిప్పున్న కొసే నోట్లో పెట్టుకుని కాల్చేదని నాకు తెలుసు. పొద్దున్నే పాయ ఒడ్డున నిలబడి నీటికి నమస్కారం పెట్టి, ఆ తర్వాతే చర్చికి వెళ్ళేదని, పాస్టరు అడిగితే పాత పరిచయం అనేదని తెలుసు. కోపం వస్తే గిన్నెలు తోమేదని, పెద్దకూతురు ఉద్యోగానికి వెళ్ళిన రోజు తోమిన గిన్నెలే మళ్ళీ మళ్ళీ తోమిందని తెలుసు. ఇన్ని తెలిసినా ఆవిడ పేరు మాత్రం తెలియదు. వాళ్ళిద్దరూ అమ్మ అనే అనేవారు.